విత్తకుండానే మొలిచే కూరలు

తొలకరి పడ్డ కొద్ది రోజులకే తెలంగాణ మెట్ట చేలల్లో జొన్న మొలకల మధ్య గునుగు, చెంచలి, దొగ్గలి, గంగవావిలి తలలెత్తుతాయి. వ్యవసాయ పుస్తకాలు వీటిని కలుపు కింద రాసుకున్నాయి. కలుపు తీసే ఆడవాళ్లు మాత్రం చేతికి వచ్చినదాన్ని అక్కడికక్కడే ఏరి, కొంత గట్టు మీద పారేస్తారు, కొంత ఒడిలో వేసుకుంటారు. మన తిండి గురించి రాసేవాళ్లు గోంగూర దగ్గరే ఆగిపోయి, ఆ ఒడిలోని కూరను పట్టించుకోకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఏరడానికి ముందు మొక్క ఈడు తెలియాలి. గునుగు లేతగా ఉన్నప్పుడే కూర. కంకి తొడిగిందంటే ఆకు ముదిరిపోతుంది, ఇక కోయరు. ఆ కంకులే భాద్రపద అమావాస్య నాటికి బతుకమ్మలో వరుసలు తీరతాయి. పొన్నగంటిని వేరుతో పీకరు. "కొసలు గిల్లు బిడ్డా, మళ్లా చిగురిస్తది" అని పెద్దవాళ్లు పిల్లల చెయ్యి పట్టుకుని నేర్పేది అదే. ఉమ్మెత్త కూడా ఈ గట్ల మీదే మొలుస్తుంది, అది విషం. అందుకే తెలిసినవాళ్ల వెంట తిరగకుండా ఈ విద్య రాదు, ఫొటోలు చూసి కోయడం ప్రమాదం.

వంటలోనూ ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. గంగవావిలికి తన పులుపు తనకుంది, పప్పులో వేస్తే చింతపండు తగ్గించాలి. వినాయక చవితి నాడు చాలా ఇళ్లలో వండే తుమ్మికూర చేదు, దానికి పులుపు తోడు కావాలి. అన్నిటికన్నా నేర్పు అడిగేది నల్లేరు. కంచెల మీద పాకే ఆ నాలుగు పలకల కాడలో కంటికి కనిపించని సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి, పచ్చిగా తాకితే చెయ్యి, తింటే నాలుక దురద పెడతాయి. చేతులకు నూనె రాసుకుని, కొసన ఉన్న లేత కణుపులే తుంచి, అంచుల పీచు తీసి, నూనెలో బాగా మగ్గనివ్వాలి. ఆ తర్వాత చింతపండు, ఎండుమిరప, వేయించిన నువ్వులతో నూరితే వేడి అన్నంలోకి అంతకు మించిన పచ్చడి లేదు. ఇంత దురద పెట్టే మొక్కను పచ్చడిగా మార్చిన తెలివి ఏ ఒక్కరిదో కాదు, తరాల తరబడి పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లది.

కాయల్లో బోడకాకరది వేరే కథ. దుంప ఏళ్ల తరబడి భూమిలో ఉండి వానకు తీగ సాగుతుంది. ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. కాయలేదని మగ తీగను పీకేస్తే ఆడ తీగకూ కాపు పోతుంది. గింజ గట్టిపడని కాయను చక్రాలుగా తరిగి వేయించి, చివర్లో వెల్లుల్లి కారం చల్లితే చాలు.

వీటి విలువను గుర్తించినవాళ్లు లేకపోలేదు. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత మహిళా రైతులు చిరుధాన్యాలతో పాటు ఈ కూరలనూ తమ పంటల లెక్కలోనే చూస్తారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. జొన్న, కంది, పెసర కలిపి వేసి, చేత్తో కలుపు తీసే చేలల్లోనే ఈ కూరలు బతుకుతాయన్నది వాళ్లకు అనుభవంతో తెలుసు.

పత్తి, మొక్కజొన్న పెరిగిన చోట్ల కలుపు మందు వచ్చింది. రైతును తప్పుపట్టలేను. కూలీలు దొరక్క, కూలి గిట్టక ఆ దారి పట్టాడు. కానీ పోయినదేమిటో చెప్పుకోవాలి. భూమి లేని ఇల్లాలు ఎవరి చేనిలోనైనా కూర ఏరుకునేది, ఆసామి అడ్డు చెప్పేవాడు కాదు. మందు పిచికారీతో ఆమెకు కలుపు కూలీ పోయింది, సాయంత్రం కూరా పోయింది. ఇప్పుడు ఏరడానికి వెళ్లేవాళ్లు ఆకు లేతదా ముదురుదా అని చూడడానికన్నా ముందు ఒక మాట అడుగుతున్నారు: "ఈ చేన్ల మందు ఎప్పుడు కొట్టిండ్రు?"