ఖత్నాపై ప్రచారం: ఇంటర్న్ చేతిలోని పని

వైద్యపరమైన అవసరమేదీ లేకుండా బాలికల బాహ్య జననాంగాన్ని కొంతగానో పూర్తిగానో కోసివేయడాన్ని, లేదా దానికి మరే విధంగానైనా గాయం చేయడాన్ని స్త్రీ జననాంగ ఖండనం అంటారు. భారతదేశంలో ఇది ప్రధానంగా దావూదీ బోహ్రా సమాజంలో ఖత్నా, ఖఫ్జ్ అనే పేర్లతో కొనసాగుతున్నది; బాలికకు సుమారు ఏడేళ్లు వచ్చినప్పుడు ఇంట్లోని పెద్ద స్త్రీలే ఆమెను తీసుకువెళ్లి, స్పర్శజ్ఞానం అత్యధికంగా ఉండే భగాంకురాన్ని కప్పి ఉంచే చర్మపు మడతను, కొన్ని సందర్భాల్లో భగాంకురంలో కొంత భాగాన్ని కూడా కోయిస్తారు. దశాబ్దాల మౌనం తరువాత దీనిపై బహిరంగంగా మాట్లాడటానికి 2015లో ఐదుగురు మహిళలు సహియో అనే సంస్థను ప్రారంభించారు. ఇటువంటి సంస్థల ప్రచారంలో గణనీయమైన భాగం సోషల్ మీడియాలోనే జరుగుతుంది; ఆ రోజువారీ పనిలో విద్యార్థి దశలోని ఇంటర్న్‌లకూ వాటా ఉంటుంది. బయటివారికి చిన్నదిగా తోచే ఈ పనికి పత్రికా సంపాదకుడికి ఉండవలసినంత నిగ్రహం కావాలి.

ఆ నిగ్రహానికి మొదటి పరీక్ష అంకెల దగ్గర ఎదురవుతుంది. యూనిసెఫ్ 2024లో వెలువరించిన అంచనా ప్రకారం స్త్రీ జననాంగ ఖండనానికి గురై నేడు జీవిస్తున్న బాలికలు, స్త్రీలు 23 కోట్లకు పైగా ఉన్నారు, వీరిలో 14.4 కోట్ల మంది ఆఫ్రికాలోను, 8 కోట్ల మంది ఆసియాలోను ఉన్నారు. 2016 నాటి అంచనా 20 కోట్లు కనుక, ఆ పెరుగుదలను మాత్రమే చూపే పోస్టు ఆచారం అంతటా బలపడుతున్నదనే భ్రమను కలిగిస్తుంది. కొన్ని దేశాల్లో అది తగ్గుముఖం పట్టినా, అధికంగా ఉన్నచోట్ల జనాభా వేగంగా పెరుగుతున్నందువల్ల మొత్తం సంఖ్య పెరుగుతున్నదన్న వివరణ కూడా అందులోనే ఉండాలి. భారతదేశం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సహియో 2017లో ప్రచురించిన ఆన్‌లైన్ సర్వేలో పాల్గొన్న 385 మంది బోహ్రా స్త్రీలలో 80 శాతం మంది తమకు ఖత్నా జరిగిందని చెప్పారు. దీన్ని ‘బోహ్రా స్త్రీలలో 80 శాతం’ అని కుదిస్తే వాక్యానికి పదును వస్తుంది గాని నిజం చెడుతుంది, ఎందుకంటే తమంతట తాముగా సర్వేకు జవాబిచ్చినవారిని సమాజమంతటికీ ప్రతినిధులుగా లెక్కించడానికి వీలులేదు. ఈ ఆచారం ఉన్నదనడానికి అధికారిక గణాంకాలు గాని అధ్యయనం గాని లేవని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2017 డిసెంబరులో సుప్రీంకోర్టుకు తెలిపిన దేశంలో, ప్రచారకుల వైపు నుంచి వచ్చే ఒక్క తప్పుడు అంకె నిజం చెప్పిన స్త్రీలందరి మాటనూ అనుమానంలోకి నెడుతుంది.

బొమ్మల ఎంపిక దీనికి భిన్నమైన సమస్య. బ్లేడు, రక్తపు మరక, ఏడుస్తున్న పసిపిల్ల ముఖం చూసేవారిని క్షణంలో ఆపగలవు. అయితే ఆ అనుభవాన్ని శరీరంలో మోస్తున్న స్త్రీ అదే బొమ్మ ముందు ఏ హెచ్చరికా లేకుండా నిలబడవలసి వస్తుంది, తన పిల్లకు కోయించిన తల్లి తనను హంతకురాలిగా చూపుతున్నారని భావించి వెనుదిరుగుతుంది. ఈ ప్రచారం ముఖ్యంగా చేరవలసింది ఆ తల్లికే. ఆమె తన బిడ్డపై ద్వేషంతో కాక, అది ధర్మమని, పరిశుభ్రతని, పెళ్లికి అవసరమని తనకు చెప్పినదాన్ని నమ్మి ఆ పని చేయించింది.

అనుభవాన్ని చెప్పుకునే స్త్రీల కథలను ప్రచురించేటప్పుడు సమ్మతి అనే భావనను లోతుగా అర్థం చేసుకోవాలి. పేరు మార్చడంతోనే గుర్తింపు దాగదు. ఊరు, వయసు, అత్త చేసే వృత్తి కలిపి చదివితే చిన్న సమాజంలో మనిషి ఎవరో తేలిపోతుంది. అలా తేలిన మనిషికి సమాజ బహిష్కరణ భయం ఉంటుంది. బహిష్కరణను నిషేధించిన 1949 నాటి బొంబాయి చట్టాన్ని, దావూదీ బోహ్రా మతాధిపతి వేసిన కేసులో సుప్రీంకోర్టు 1962లో కొట్టివేసింది; ఆ సమాజంలో వెలి అన్న మాటకు పెళ్లిళ్లు, వ్యాపారం, చివరకు శ్మశానంలో చోటు కూడా ముడిపడి ఉన్నాయి. కనుక కథ చెప్పిన స్త్రీ ఆఖరి నిమిషంలో వద్దంటే, ఎంత బాగా కుదిరిన పోస్టునైనా ఆపడం ఇంటర్న్ కర్తవ్యం. ప్రచురించిన తరువాత తొలగించినా స్క్రీన్‌షాట్లు మిగిలిపోతాయని ఆమెకు ముందే స్పష్టంగా చెప్పడం కూడా అందులో భాగమే.

కామెంట్లలో సమాజాన్ని అప్రతిష్ఠ పాలు చేస్తున్నారనే ఆరోపణను ఊహించవచ్చు. అంతకన్నా కష్టమైనది, ఈ విషయాన్ని ముస్లింలందరిపై ద్వేషాన్ని వెళ్లగక్కడానికి వాడుకునేవారి మద్దతు. దేశంలోని ముస్లింలలో అత్యధికులకు ఈ ఆచారంతో సంబంధం లేదు. సొంత సమాజంలో మార్పు కోరుతున్న బోహ్రా స్త్రీల మాటను ఆ ద్వేషం దొంగిలిస్తుంది. అటువంటి షేర్లు వేలల్లో వచ్చినా వాటిని విజయంగా నివేదికలో చూపకూడదు, ఆ కామెంట్లను తొలగించడానికి వెనుకాడకూడదు. హైదరాబాదు, సికింద్రాబాదులలోనూ బోహ్రా కుటుంబాలున్నాయి. వారి ఇంటి భాష గుజరాతీ ఆధారితమైనది కాబట్టి, తెలుగులో రాసే పోస్టుకు అసలు పాఠకులు అక్కడి పిల్లల వైద్యులు, ప్రసూతి వైద్యులు, ఉపాధ్యాయులు. వారు ఏమి గమనించాలో, ఎలా మర్యాదగా అడగాలో చెప్పేలా ఆ పోస్టును రాయాలి.

అన్నిటికన్నా బరువైనవి వ్యక్తిగతంగా వచ్చే సందేశాలు. తనకు జరిగినదాన్ని మొదటిసారి ఎవరికైనా చెప్పుకుంటున్న స్త్రీకి, ఇరవై ఏళ్లు నిండీ నిండని ఇంటర్న్ సలహాదారు కాలేదు, కాకూడదు కూడా. ఆమె మాటను నమ్ముతున్నామని, అందులో ఆమె తప్పేమీ లేదని తెలిపి, శిక్షణ పొందిన మనస్తత్వ సలహాదారును సంప్రదించే దారి చూపడం వరకే ఇంటర్న్ పరిధి. ఆ సలహాదారు ఎవరో, ఎంతసేపట్లో జవాబిస్తారో ఇంటర్న్ చేరిన మొదటి రోజునే సంస్థ నిర్ణయించి చెప్పాలి. ఇటువంటి కథలను రోజూ చదవడం వల్ల ఇంటర్న్ మనసుకు కలిగే పరోక్ష ఆఘాతానికీ అదే స్థాయి సహాయం అందాలి, పని గంటలకు హద్దు ఉండాలి. ఇంటర్న్‌షిప్ ముగిసినప్పుడు ఖాతా పాస్‌వర్డుతో పాటు, ఇంకా జవాబు అందని సందేశాల బాధ్యతను కూడా బాధ్యులైన సీనియర్‌కు అప్పగించే ఏర్పాటు ఉండాలి.