రెండో చూపుకి తెలుగులో మాటేది?

చరిత్రను మళ్లీ చదివితే మన పత్రికలు దానికి రెండే పేర్లు పెడతాయి. నచ్చితే పునర్మూల్యాంకనం, నచ్చకపోతే వక్రీకరణ. మూడోది రివిజనిజం. బెర్న్‌స్టైన్ మార్క్సును సవరించబోతే జర్మనీలో తిట్టుగా మారిన ఆ మాటను కమ్యూనిస్టులు మనకిచ్చారు. 1964 చీలిక తర్వాత సీపీఐని సీపీఎం రివిజనిస్టు అంది. సీపీఎంను నక్సలైట్లు నయా రివిజనిస్టు అన్నారు. తిట్టుగా అరిగిపోయిన మాట ఇక ఆలోచనకేం పనికొస్తుంది?

మా ఇంటి భాషలో చరిత్రని తారీఖ్ అంటాం. అదే మాట తెలుగులోకొచ్చి క్యాలెండరు మీద అంకె అయింది. ఉర్దూలో తర్మీమ్ అంటే సవరణ, తహ్రీఫ్ అంటే పాఠాన్ని చెరపడం. ఈ రెండూ కాక నజరే సానీ ఉంది, రెండో చూపు. తీర్పును పునఃసమీక్షించమని కోర్టును అడిగేది ఈ మాటతోనే. తీర్పు మారి తీరాలని కాదు, రికార్డు తెరవాలని.

1948 సెప్టెంబరు 17 తారీఖే చూడండి. సైన్యం అయిదు రోజులు నడిపిన దాడికి పోలీసు చర్య అని పేరు పెట్టినప్పుడే మొదటి సవరణ జరిగిపోయింది. తర్వాత ఎవరి మాట వారిది: విమోచన, విలీనం, విద్రోహం. 2022లో కేంద్రం విమోచన దినమంటే రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. వీటిలో దేన్నీ వక్రీకరణ అనని పెద్దమనుషులు, మేం సుందర్‌లాల్ కమిటీ పేరెత్తగానే ఆ మాట తీస్తారు!

రామచంద్రపురం వాళ్లకు ఈ గొడవ దేనికంటారు. నిజమే, 1766లోనే నిజాం అలీ ఉత్తర సర్కార్లను కంపెనీకి రాసిచ్చేశాడు. 1948కి అది 182 ఏళ్ల నాటి మాట. కానీ రజాకార్ అన్న తిట్టుకి ఆ సరిహద్దు తెలీదు, గోదావరి దాటి మా మీదా పడుతుంది. ఉర్దూలో రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడు, వరదలొస్తే అన్నం పంచేవాడు కూడా. ఆ అర్థాన్ని చంపింది తెలుగువాళ్లు కాదు, ఖాసిం రజ్వీ మనుషులు. నిజాం పాలనను నిలదీసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో చంపిందీ వాళ్లే. ఇది మేమే చెప్పాలి, ముందు చెప్పాలి.

చెప్పాక సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల నివేదిక తెరవాలి. నెహ్రూ ప్రభుత్వం పంపితే వెళ్లినవాళ్లే వారు. పోలీసు చర్యలోనూ ఆ తర్వాతా చనిపోయినవాళ్లు 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని వారి అంచనా. ఆ కాగితాలు దశాబ్దాలపాటు జనం కంటపడలేదు. అందులో రజాకార్ల దుర్మార్గాలూ ఉన్నాయి. ముస్లిం పొరుగువారిని కాపాడిన హిందువుల సంగతీ ఉంది, ముఖ్యంగా ఒకే వృత్తి చేసుకునే నేతగాళ్ల మధ్య. విమోచన అన్న మాటలో ఆ నేతగాళ్లకు చోటు లేదు. విద్రోహం అన్న మాటలోనూ లేదు.