అంచు కుదిరితేనే గర్జె

పోయిన మాఘమాసంలో కాళేశ్వరంలో మా మేనకోడలి పెళ్లి. సారెకు గర్జెలు చేయాలని ఇంటి ఆడవాళ్లమంతా పొద్దున్నే కూర్చున్నాం. కోస్తా వైపు కజ్జికాయ అనేదే మాకు గర్జె. ఎప్పుడూ పుట్నాల పొడి, ఎండుకొబ్బరి, నువ్వులు, బెల్లమే పెట్టేవాళ్లం. పెళ్లి కదాని ఈసారి వదిన కిలో బాదం తెచ్చింది.

బాదంతో పని ఓపికది. నానబెట్టి పొట్టు తీసిన పప్పును గుడ్డ మీద బాగా ఆరబెట్టాలి. తడి మిగిలితే గర్జె నూనెలో పగులుతుంది. దోరగా వేయించి, చల్లారాక, మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఒకే పట్టున తిప్పితే నూనె దిగి ముద్దవుతుంది. బరకగా ఉన్న ఆ పొడిలో చక్కెర, యాలకులు కలిపాం.

అంచు మడిచే పని మాత్రం అత్తమ్మదే. నేను చెంచా నిండా పొడి పోస్తుంటే చెయ్యి పట్టుకుంది. "గంత కుక్కకు బిడ్డా, అంచుకు జాగ ఉంచు." పూరీ చుట్టూ తడి వేలు తిప్పి, సగానికి మడిచి, అంచును బొటనవేలితో కొద్దిగా లాగి దాని మీదికే మడుస్తూ పోయింది. కొస చేరేసరికి అది సన్నని తాడు పేనినట్టు అయింది.

ఆమెను చూసి నేనూ కొన్ని మడిచాను. వాటిలో ఒకటి నూనెలో విచ్చుకుంది. పొడంతా చిమ్మి, మాడి నల్లబడింది. అత్తమ్మ ఒక్క మాట అనలేదు. పొయ్యి ఆపి, నూనె వడకట్టి, మళ్లీ సన్నసెగ మీద పెట్టింది. ఒక్క అంచు కుదరకపోతే తర్వాతి వాయి కూడా చెడుతుందని అప్పుడు తెలిసింది.

ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ఊరు మాది. మొదటి వాయిలోంచి ఆమె రెండు తీసి పటం ముందు పెట్టింది: ఒకటి కాళేశ్వరుడికి, ఒకటి ముక్తీశ్వరుడికి.

సాయంత్రం గోదావరి అవతల సిరోంచ నుంచి చుట్టాలొచ్చారు. మరాఠీ ఇళ్లలో దీపావళికి చేసే కరంజీ కూడా ఇదేనన్నారు. ఉత్తరాదిన హోలీకి చేసే గుజియా కూడా ఈ రూపమే. ఊరు మారితే పేరు మారుతుంది, చేతిలో డబ్బును బట్టి లోపలి పొడి మారుతుంది. అంచు మూసే నేర్పు మాత్రం పక్కన కూర్చుని చూస్తేనే వస్తుంది. అచ్చులో నొక్కితే పని తొందరగా అవుతుంది, కాదనను. కానీ పెద్దవాళ్లు పీట మీద కూర్చోగలిగినన్నాళ్లే ఆ మడత మనకు దొరుకుతుంది.

సారె విప్పి వాడంతా పంచిన రోజు, వియ్యపురాలు గర్జెను తిప్పి చూసి అడిగిందట: "ఈ అంచు ఎవరి చేతిది?"