నియమగిరి నివేదిక పనితనం

2010 ఆగస్టు 16న నలుగురు సభ్యుల కమిటీ ఒకటి కేంద్ర పర్యావరణ, అటవీ శాఖకు ఒక నివేదిక ఇచ్చింది. ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల మధ్య నియమగిరి కొండలున్నాయి. అక్కడ ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ బాక్సైట్ తవ్వాలని, కొండ కింద లంజిగఢ్‌లో వేదాంత కంపెనీ పెట్టిన అల్యూమినా రిఫైనరీకి ఆ ఖనిజం పంపాలని ప్రతిపాదన. కమిటీ దాని మీదే విచారణ జరిపింది. ఆ నివేదికను పర్యావరణ ఉద్యమానికి దొరికిన పత్రంగా చదివినవాళ్లే ఎక్కువ. నేను మాత్రం దాన్ని నిఘా విశ్లేషణకు ఒక నమూనాగా చదవమంటాను. ఇంటెలిజెన్స్, సమాచార యుద్ధం వంటి సబ్జెక్టులు డిగ్రీలో తీసుకున్న పిల్లలకు మన పొరుగునే ఇంత మంచి పాఠం ఉంది.

అలాంటి డిగ్రీ కూడా ఉంటుందా అంటే, ఉంది. అమెరికాలోని మెర్సీహర్స్ట్ విద్యాసంస్థలో ఈ చదువును 1992లో రాబర్ట్ హైబెల్ మొదలుపెట్టాడు. ఆయన ఎఫ్‌బీఐలో పనిచేసి రిటైరైనవాడు. మన దేశంలో భద్రతా విద్య కోసం 2020లో పార్లమెంటు చట్టం చేసి గుజరాత్‌లోని రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయానికి జాతీయ హోదా ఇచ్చింది. ఈ చదువులో మారువేషాల కన్నా కాగితాలతో పనే ఎక్కువ. ఈ కబురు ఎవరు చెప్పారు? అతనికి ఎలా తెలిసింది? అబద్ధం చెబితే అతనికేం లాభం? సైన్యాల్లో వాడే ఒక పద్ధతి ప్రకారం కబురు తెచ్చిన మనిషికి ఎ నుంచి ఎఫ్ దాకా ఒక అక్షరం వేస్తారు, కబురుకు 1 నుంచి 6 దాకా ఒక అంకె వేస్తారు. నమ్మదగ్గ మనిషి కూడా పొరపాటు మాట చెప్పవచ్చు కాబట్టి ఆ రెంటినీ విడిగా తూస్తారు. ముగ్గురు వేగులు ఒకే మాట చెబితే నమ్మమని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఏనాడో రాశాడు.

ఇక నివేదిక సంగతికి వస్తాను. కమిటీకి పెద్ద ఎన్.సి. సక్సేనా, ఐఏఎస్ అధికారిగా రిటైరైనవాడు. ప్రమోద్ కాంత్ అటవీ సర్వీసు నుంచి వచ్చినవాడు. ఎస్. పరశురామన్ అప్పట్లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ డైరెక్టరు. అమితా బవిస్కర్ సమాజశాస్త్రవేత్త. సర్కారు ఫైలు ఎక్కడ ఏం దాస్తుందో ఒకరికి తెలుసు, అడవిని చదవడం ఒకరికి తెలుసు, ఊళ్లో మనుషుల చేత మాట్లాడించడం మిగతా ఇద్దరికీ తెలుసు. ఈ కూర్పులోనే సగం పనితనం ఉంది. ఒకే రకం చదువు చదివిన నలుగురిని పంపితే నలుగురూ ఒకే వైపు చూసి వచ్చేవాళ్లు.

కొండ నెత్తిని వాళ్లు చూసిన తీరు దగ్గర కాసేపు ఆగాలి. తూర్పు కనుమల్లో బాక్సైట్ కొండల పైభాగం బల్లపరుపుగా, గడ్డితో, అక్కడక్కడ చెట్లతో ఉంటుంది. కింద నుంచి వచ్చినవాడికి అది బోడికొండ. తవ్వితే పోయేదేముందనిపిస్తుంది. కమిటీ ఆ గడ్డినే పరిశీలించింది. కణితికి అది మేత. కొండగొర్రె, చుక్కల దుప్పి, నాలుగు కొమ్ముల జింక పిల్లల్ని కనే చోటు. తిరుమల కొండల్లో మనం గొప్పగా చెప్పుకునే బంగారు బల్లి కూడా ఆ తవ్వకం స్థలంలో ఉందని రాశారు. లీజు అడిగిన స్థలం ఏడు చదరపు కిలోమీటర్లకు పైమాటే. అక్కడ లక్షా 21 వేలకు పైగా చెట్లు కొట్టాల్సి వస్తుందని లెక్క తేల్చారు. బోడికొండ అన్న ఒక్క మాటను ఇన్ని రుజువులతో పక్కన పెట్టారు.

లెక్కల్లో పనితనం ఇంకా బాగుంది. ఆ కొండ మీది ఖనిజ నిల్వ 7.2 కోట్ల టన్నులు. రిఫైనరీ సామర్థ్యం ఏడాదికి 10 లక్షల టన్నులు, కంపెనీ దాన్ని 60 లక్షలకు పెంచాలనుకుంది. ఒక టన్ను అల్యూమినాకు సుమారు మూడు టన్నుల బాక్సైట్ కావాలి. అంటే పెరిగిన రిఫైనరీకి ఏడాదికి కోటీ 80 లక్షల టన్నులు. భాగించి చూస్తే కొండ నాలుగేళ్లలో అయిపోతుంది. ఈ భాగహారం ఎనిమిదో తరగతి పిల్లవాడికీ వచ్చు. అయితే నిల్వ అంకె ఒక ఫైల్లో, విస్తరణ అంకె ఇంకో ఫైల్లో ఉంటే రెంటినీ ఒకచోట పెట్టి చూసేవాడు ఉండాలి. బయట దొరికే అంకెలతో, ఏ రహస్యమూ దొంగిలించకుండా తీసే ఫలితం ఇది. మొత్తం నివేదికలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

మూడో సంగతి హక్కులు. కొండ నెత్తిన ఎవరూ కాపురం లేరన్నది నిజమే. ఇళ్లు లేవు. కానీ అడగాల్సిన ప్రశ్న అది కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఇ) ఆదిమ గిరిజన సమూహాలకు తమ ఆవాస ప్రాంతం మొత్తం మీద హక్కు ఇస్తుంది. అలాంటి సమూహాలైన డోంగ్రియా, కుటియా కోంధులకు నియమరాజు ఆ కొండ మీది దేవుడు. వాళ్ల అడవి ఫలసాయం, పోడు, కొండ వాలు తోటలు అన్నీ ఆ కొండతో ముడిపడినవే. చట్టం అమలు పూర్తయ్యాకే, గ్రామసభల అంగీకారంతోనే అటవీ భూమిని మళ్లించాలని పర్యావరణ శాఖే 2009 ఆగస్టు 3న ఉత్తర్వు ఇచ్చింది. అమలు అయిపోయిందని ఒడిశా ప్రభుత్వం చెప్పుకుంది. కమిటీ ఊళ్లకు వెళ్లి, జనాన్ని అడిగి, కాగితాలు చూసి అది సరికాదని తేల్చింది. రిఫైనరీ ఆవరణలో 26.123 హెక్టార్ల గ్రామ అటవీ భూమి అక్రమంగా కలిసిపోయిందని కూడా రాసింది. దశాంశం తర్వాత మూడు అంకెలు చూడండి. కావాలంటే మీరే కొలుచుకోండి అని ఎదుటివాడికి చెప్పినట్టే. కంపెనీ ఈ ఆరోపణలను ఒప్పుకోలేదు.

నాకు నచ్చనిదీ ఉంది. కొన్నిచోట్ల నివేదిక ప్రాసిక్యూటరు గొంతుతో మాట్లాడుతుంది. ఏ మాట రూఢిగా తెలిసి చెబుతున్నదో, ఏది ఊహించి చెబుతున్నదో మెట్లు కట్టి చూపి ఉంటే ఇంకా బలంగా ఉండేది. నాలుగేళ్ల లెక్క కూడా ఖనిజమంతా ఆ ఒక్క కొండ నుంచే వస్తుందనుకుంటేనే నిలుస్తుంది. విద్యార్థుల చేత పట్టించాల్సిన లొసుగులు ఇలాంటివే. మంచి పని కాబట్టే అందులో తప్పు వెతకడమూ చదువే అవుతుంది.

సమాచార యుద్ధం చదివేవాళ్లకు ఇదే కొండ చుట్టూ ఇంకో పాఠం దొరుకుతుంది. 2010 ఫిబ్రవరిలో సర్వైవల్ ఇంటర్నేషనల్ సంస్థ అమెరికా సినిమా పత్రిక వెరైటీలో ప్రకటన వేయించి, అవతార్ దర్శకుడు జేమ్స్ కామెరాన్‌ను డోంగ్రియాలకు సాయపడమని కోరింది. 2012లో వేదాంత క్రియేటింగ్ హ్యాపీనెస్ పేరుతో దేశమంతా ప్రచారం నడిపింది. ఒకరు కోంధును సినిమా మనిషిని చేశారు, ఒకరు నవ్వే చిన్నపిల్లల బొమ్మ చూపారు. నేను ఆ కొండ జనం పక్షమే. అయినా ఈ రెండు ప్రచారాల్నీ ఒకే కొలతతో కొలవడం విద్యార్థికి రావాలంటాను. సక్సేనా కమిటీ ఆ రెండు బొమ్మల జోలికీ పోకుండా చట్టం, చెట్టు, టన్ను, హెక్టారు అంటూ మాట్లాడింది. అందుకే అది నిలబడింది.

నివేదిక అందిన ఎనిమిది రోజులకే, ఆగస్టు 24న, పర్యావరణ శాఖ రెండో దశ అటవీ అనుమతి నిరాకరించింది. ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు ఈ విషయాన్ని గ్రామసభల ముందు పెట్టమంది. రాష్ట్ర ప్రభుత్వం 12 ఊళ్లను ఎంచింది. కొండ మీద ఇంకా వందకు పైగా ఊళ్లుండగా పన్నెండేనా అన్న అభ్యంతరం న్యాయమైనదే. రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో ఐదు. గ్రామసభలు జిల్లా జడ్జి సమక్షంలో జులై 18న సెర్కపడిలో మొదలై, ఆగస్టు 19న జరపలో ముగిశాయి. పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. విశ్లేషకుడు రాసిన మాటను అసలు మనుషుల నోటనే, జడ్జి ఎదుట సరిచూసుకునే అవకాశం ఈ వృత్తిలో చాలా అరుదు.

ఈ కొండల దాపునే పుట్టిన వంశధార శ్రీకాకుళం పొలాలు తడిపి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. కాబట్టి ఇది మనకూ సంబంధించిన పాఠమే. కొరాపుట్ జిల్లా సునాబెడాలో ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది, జర్నలిజం, మానవశాస్త్రం శాఖలు అక్కడ నడుస్తున్నాయి. అదే జిల్లాలో దామన్‌జోడి పైన పంచపట్మాలి కొండను అల్యూమినియం కంపెనీ నాల్కో ఏళ్లుగా తవ్వుతోంది. తవ్విన కొండ, తవ్వని కొండ రెండూ పొరుగు జిల్లాల్లోనే ఉన్నాయి. అధ్యాపకులకు నా మనవి ఇది: సక్సేనా నివేదికనూ 2013 తీర్పునూ కలిపి రెండో సంవత్సరం పిల్లల చేతికివ్వండి. ప్రతి వాక్యం పక్కనా ఆ మాట చెప్పినవారికి ఒక అక్షరం, ఆ మాటకు ఒక అంకె వేయమనండి. ఆ తర్వాత ఒక్కసారైనా వాళ్లను రాయగడ రైలెక్కించండి.