మడతల్లో మిగిలిన ఎరుపు

మనామా సూక్‌లో మెరుగు పెట్టించి తెచ్చిన కాసులపేరు విప్పి చూస్తే, ప్రతి కాసు మీదా లక్ష్మీదేవి మెడ మడతలో ఎర్రటి మరక. మా ఆవిడ అది మురికంది. నాకది దొరికిన సాక్ష్యం. మెరుగు పేరుతో బంగారం అరగదీస్తారని ఎన్నిసార్లు గొణిగానో.

ఆ ఎరుపు రూజు. అంటే ఫెర్రిక్ ఆక్సైడ్, తుప్పుకు దగ్గరి చుట్టం. హిద్ద్‌లో బహ్రెయిన్ స్టీల్ వాళ్లు ఏటా కోటీ పది లక్షల టన్నుల దాకా గుళికలు కట్టగలిగే ఖనిజమూ ప్రధానంగా ఇదే. నగల కార్ఖానాలో దాన్ని మైనంలో కలిపి, తిరిగే గుడ్డచక్రానికి అద్దుతారు.

మా జగిత్యాల అవుసులాయనకు చక్రం లేదు. రూజు తానే చేసుకునేవాడు. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) పలుకులు మూసలో వేసి కుంపటి మీద పెట్టేవాడు. ముక్కు పగిలే గంధకపు పొగ. మమ్మల్ని తరిమినా పోయేవాళ్లం కాదు. పచ్చటి పలుకులు తెల్లబడి, ఆఖరుకు ఎర్రబడేవి. "మెల్లగ కాల్చాలె బిడ్డా, మంటెక్కువైతే ఊదాకు తిరుగుతది. గట్టిపడ్డంక బంగారానికి పనికిరాదు, ఉక్కుకు పోతది" అనేవాడు. ఏళ్ల తర్వాత రసాయన పుస్తకంలోనూ అదే చదివాను: తక్కువ కాకలో పుట్టిన రేణువు సన్నం, ఎక్కువ కాలినది ముతక. ఆ పొడిని బట్టతో జల్లించి, నూనె చుక్కతో తోలు మీద రాసి, నగను రుద్దుతూ పొద్దు గడిపేవాడు. దేవుడి నగలకైతే జాజు ముద్ద పట్టించి, వెచ్చజేసి కడిగేవాడు. మడతల్లో మాత్రం కావాలనే కాస్త వదిలేవాడు, ఉబ్బెత్తు పని లోతుగా కనపడాలని. అమ్మమ్మ అరుగుకు పూసే జాజే అది.

ఇంతదాకా వచ్చాక నా సాక్ష్యం నాకే ఎదురు తిరిగింది. బంగారాన్ని గట్టిగా కొరికేది రూజు కాదు, దానికి ముందు పట్టించే ట్రిపొలి అనే మెరుగుపొడి. రూజు వంతు వచ్చేసరికి పోవలసింది చాలావరకు పోయే ఉంటుంది. లోతైన గీతలు లేని నగకు రూజు ఒక్కటే చాలనొచ్చు. అలా అడిగేవాళ్లు లేకే ప్రతి నగకూ రెండింటి దెబ్బా.

ముత్యాల నగకు ఈ సడలింపు లేదు. కల్చర్డ్ ముత్యాల వ్యాపారాన్నే నిషేధించిన దేశం బహ్రెయిన్, ఇక్కడ కొనేది సహజ ముత్యమే. అది రూజు కన్నా మెత్తన. పైగా ఎర్రపొడి బెజ్జంలోకి దిగితే కడిగినా వదలదు. దారం తెంపించి, ముత్యాలు ఇంట్లో దాచుకుని, బంగారం ఒక్కటే పాలిష్‌కు ఇవ్వండి.