ఏ చెట్టు కల్లు, ఏ పూట కల్లు

ఉద్దానం అనగానే జీడి, కొబ్బరి, పనస గుర్తొస్తాయి. సుమ్మాదేవి నుంచి పలాస, టెక్కలి దాకా పొలం గట్ల మీద నిలబడ్డ తాడిచెట్టు ఎవరికీ గుర్తురాదు. దాని కల్లు సంగతి సరేసరి. కల్లంటే మత్తేనని తేల్చేసేవారే ఎక్కువ. చెట్టును బట్టి, పూటను బట్టి, గీసిన చేతిని బట్టి రుచి మారుతుందని తెలిసినవాళ్లు మాత్రం ఊళ్లలో ఇంకా ఉన్నారు.

గీత పని చలికాలం చివర్లో ఊపందుకుంటుంది. పోతుతాడు కాయ కాయదు, పొడవాటి పూగెలలే వేస్తుంది. గీత కార్మికుడు మోకు వేసుకుని ఎక్కి, ఆ గెలలను కర్రలతో మెత్తగా నొక్కి, కొన్నింటిని కలిపి కట్టి, కొనలు చెక్కుతాడు. వెంటనే కల్లు రాదు. రోజూ చెక్కగా చెక్కగా కొన్నాళ్లకు చుక్క మొదలవుతుంది, అప్పుడు కుండ కడతాడు. చెక్కు మందమైతే గెల తొందరగా అయిపోతుంది. మరీ పలచనైతే కోత ఆరిపోయి చుక్క ఆగుతుంది. ఆ కొలత ఏ పుస్తకంలోనూ ఉండదు, చెయ్యి చెప్పాలి. అంత ఎత్తున, పొద్దునా సాయంత్రమూ. ఈ పనిని కూలి అనడం అన్యాయం, ఇది నిఖార్సైన విద్య.

కాయ కాసే తాడును వేరుగా గీయాలి, దాని కల్లు వేసవిలో వస్తుంది. ఈతచెట్టుకైతే గెల జోలికే పోరు, మొవ్వు కింద కాండాన్నే చెక్కుతారు. అది చలికాలపు కల్లు. తూర్పు కనుమల ఏజెన్సీలోని జీలుగుది మరో కథ. గెలలు పైనుంచి కిందికి వరసగా వేస్తూ వచ్చి, చివరి గెలతో చెట్టే చచ్చిపోతుంది. ఆలోగా ఒక్క చెట్టు రోజుకు 20 లీటర్ల పైన ఇవ్వగలదు.

రుచి చూడటానికీ వరస ఉంది. కుండ లోపల సున్నం పూస్తే పులుపు ఆగుతుంది, అది నీరా. ముందు అది తాగాలి, ఒట్టి తీపి. తర్వాత తెల్లవారుజామున దించిన కల్లు. తాటాకు దొప్పలో పోస్తే పాలనీళ్లలా తెల్లగా ఉంటుంది. సన్నని నురగ, తీపి వెనకే నాలుక మీద చిన్న చురుకు. గాలిలోంచీ పాత కుండ అడుగు మడ్డిలోంచీ చేరిన ఈస్టు చక్కెరను తినడం అప్పటికే మొదలుపెట్టి ఉంటుంది. మధ్యాహ్నానికి తీపి తగ్గి పులుపు, ఘాటు పెరుగుతాయి. అప్పుడు మద్యం పాలు సుమారు 4 నుంచి 6 శాతం. ఇంకా నిలవుంచితే వెనిగర్ దారి పడుతుంది. పొద్దుపోయాక కూడా తియ్యగానే ఉన్న కల్లును నమ్మకూడదు. క్లోరల్ హైడ్రేట్, ఆల్‌ప్రజోలం కలిపిన కల్తీ సరుకు తెలుగు నేల మీద ప్రాణాలే తీసింది.

ఊరి పానీయానికి ఊరి పేరుతో గౌరవం ఎలా దక్కుతుందో ఇటలీని చూస్తే తెలుస్తుంది. పీడ్‌మాంట్‌లో తిమొరాస్సో అనే తెల్ల ద్రాక్ష దాదాపు కనుమరుగైన దశలో, 1980లలో వాల్టర్ మాస్సా అనే రైతు పట్టుబట్టి దాన్ని నిలబెట్టాడు. ఉంబ్రియాలోని మోంతెఫాల్కో ఊరి ఎర్ర ద్రాక్ష సగ్రాంతినో బాగా వగరు. దాని వైన్‌కు 1992లో ఆ దేశపు అత్యున్నత ప్రాంతీయ గుర్తింపు వచ్చింది. తెల్లది ముందు, ఎర్రది తర్వాత, రంగు చూసి, వాసన పట్టి, నోట నిలిపి తాగడానికి జనం ఆ ఊళ్లు వెతుక్కుంటూ వెళ్తారు. కల్లును సీసాలో ఏళ్ల తరబడి దాచలేం కనుక, చెట్టు దగ్గరికి వెళ్లడం ఇక్కడ ఇంకా అవసరం.

ఈ విద్య ఎవరిదో రాతలో ఉంది. పలాస, టెక్కలి గంజాం జిల్లాలో ఉన్న రోజుల్లో, 1909లో వచ్చిన తన దక్షిణ భారత కులాల సంపుటాల్లో ఎడ్గర్ థర్‌స్టన్ యాత, సెగిడి కులాలవారిని కల్లు వృత్తివారిగా నమోదు చేశాడు. చెక్కే తీరు, చెట్టును ఎంచే తీరు మాత్రం ఇప్పటికీ నోటిమాటగానే ఉన్నాయి. రంపచోడవరం దగ్గరి పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం తాటి నీరా మీద పనిచేస్తోంది. అలాంటి పని ఉద్దానానికీ కావాలి.

గీత కులాలకు మద్యం దుకాణాల్లో వాటా ఇవ్వడం మంచిదే, కానీ దానితో చెట్టెక్కే విద్య నిలబడదు. టెక్కలి, పలాస కాలేజీల పిల్లలు ఈ వేసవిలోనే పెద్ద గీత కార్మికుల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పింది రాసిపెట్టాలి. ఉద్దానం వెళ్లేవారు కల్లు తాగినా తాగకపోయినా, ఏ చెట్టుది, ఏ పూటది అని ఒక్కసారి అడగండి.