ఖాళీ గుల్లల లెక్క

ఉప్పునీటి అక్వేరియం ముందు నిలబడితే ఎవరి చూపైనా తెల్లపట్టీల నారింజరంగు క్లౌన్ చేప మీదికే పోతుంది. నా కళ్ళు ముందు అడుగునున్న ఇసుకను వెతుకుతాయి. అక్కడ నాలుగైదు ఖాళీ గుల్లలు కనిపిస్తే, ఈ తొట్టి సర్దినవాళ్ళకు పని తెలుసునని నాకు నమ్మకం కుదురుతుంది.

ఆ గుల్లలు అలంకారానికి వేసినవి కావు. సన్యాసి పీతకు వెనక భాగమంతా మెత్తన, కవచం ఉండదు. నత్త వదిలేసిన గుల్లలో ఒళ్ళు దాచుకుని బతుకుతుంది. పెరిగేకొద్దీ ఆ ఇల్లు ఇరుకవుతుంది. పెద్ద గుల్ల ఖాళీగా దొరికితే అందులోకి మారుతుంది, దొరక్కపోతే ఒక్కోసారి పక్కనున్న నత్తను చంపి దాని ఇల్లు లాక్కుంటుంది. పాచి తినడానికని పీతనూ నత్తనూ ఒకే తొట్టిలో వేసిన మనిషి ఈ తగువును ముందే ఊహించి, నెల్లూరు దగ్గరి మైపాడు ఒడ్డున దొరికే చిన్నా పెద్దా గుల్లలు నాలుగు ఏరుకొచ్చి, ఉడకబెట్టి కడిగి ఇసుకలో పడేశాడనుకోండి, రెండు ప్రాణాల మధ్య సంధి కుదిర్చినట్టే. ఉప్పునీటి తొట్టిలో పనితనమంటే నా దృష్టిలో ఇదే.

నెల్లూరు వాళ్ళకు ఈ విద్య కొత్తది కాదు. మంచినీటి చెరువులో బొచ్చెను, శీలావతిని, మోసును కలిపి వదిలేది ఎందుకు? బొచ్చె పైనీటిలో మేస్తుంది, శీలావతి నడిమి నీటిలో, మోసు అడుగున. ఒకదాని తిండికి ఇంకొకటి పోటీ రాదు. ఉప్పుటేటి నీళ్ళ గుంటల్లోనూ అంతే. అడుగున పేరుకున్న పాచినీ కుళ్ళునీ తినే మల్లెట్ చేపలు రొయ్యలకు మంచి తోడు. మండపీత మాత్రం పనికిరాదు. రొయ్యను తినడం సరే, డిప్ప విడిచి ఒళ్ళు మెత్తబడిన తన జాతి పీతనే వదలదు. అందుకే పీతలను పెట్టెల్లో ఒక్కొక్క దాన్నీ విడివిడిగా పెంచే పద్ధతి వచ్చింది. గాజుతొట్టి ఈ లెక్కలకే చిన్న రూపం. అయితే ఎకరం గుంటలో తరిమించుకున్న చేప పారిపోవడానికి చోటుంటుంది. నూటపాతిక లీటర్లలో ఉండదు.

తోడు ఎంచడంతోనే అక్వేరియం కథ మొదలైంది. 1850 ప్రాంతంలో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త గాజుతొట్టిలో బంగారు చేపలనూ నీటి మొక్కనూ కలిపి పెంచాడు. రాలిన ఆకులు కుళ్ళి నీళ్ళు చెడుతుంటే నత్తలను వదిలాడు. అవి కుళ్ళును తిన్నాయి, నీళ్ళు తేరుకున్నాయి. అందం కోసం కాక పని కోసం వచ్చిన తోడు ఆ నత్త. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ తన పుస్తకంతో అక్వేరియం అనే మాటను జనంలోకి తెచ్చాడు.

చేప కంటే ముందు ఎంచవలసింది నీటిని. నెల్లూరు తీరం ఇసుక తీరం, ఇక్కడ పగడపు దిబ్బలు లేవు. పులికాట్‌లోనూ ఉప్పుటేళ్ళలోనూ తిరిగే మచ్చల స్కాట్, వెండి బిళ్ళలాంటి మూనీ చేపలు ఈశాన్య వానలకు ఉప్పు పలచబడినా, ఎండాకాలం చిక్కబడినా తట్టుకుంటాయి. పగడపు దిబ్బల చేపలకు ఏడాది పొడుగునా ఒకటే ఉప్పు కావాలి, కిలో నీటికి 35 గ్రాములకు అటూ ఇటూగా. ఈ రెండు రకాలు ఒక తొట్టిలో పొసగవు. పైగా స్కాట్ పళ్ళెమంత పెరుగుతుంది, చిన్న తొట్టికి అసలే తగదు. ఈ లెక్క తెలిసినవాళ్ళు వేసవిలో నీటిమట్టం తగ్గితే సముద్రపు నీళ్ళు కలపరు, మంచినీళ్ళే పోస్తారు. ఆవిరయ్యేది నీరే, ఉప్పంతా తొట్టిలోనే ఉంటుంది.

ఇక మూడడుగుల తొట్టి ఒకటి తీసుకుని సర్దుబాటు చూద్దాం. పైకీ నడిమికీ క్లౌన్ చేపలు రెండు, చిన్న వయసువి. క్లౌన్ చేపలన్నీ మొదట మగవే. జతలో పెద్దది ఆడదవుతుంది, చిన్నది మగదిగానే ఉండిపోతుంది. అందుకే ఒకే ఈడువి రెండు కాక, కాస్త పెద్దా చిన్నా చూసి తెస్తారు. పెద్దరికం ముందే తేలిపోతే కొట్లాట తగ్గుతుంది. మూడోది చేరిందా, దాన్ని తరిమి తరిమి చంపుతాయి.

అడుగుకు గోబీ చేప ఒకటి, పిస్టల్ రొయ్య ఒకటి. నేను ఎంత చూసినా తనివి తీరని జంట ఇది. రొయ్యకు చూపు మందం. ఇసుకలో బొరియ తవ్వేది అదే, రోజంతా మట్టి ఎత్తి బయట పోస్తూనే ఉంటుంది. గోబీ వాకిట్లో కాపలా. రొయ్య బయటికొస్తే దాని మీసం ఒకటి గోబీ ఒంటికి ఆనుకునే ఉంటుంది. ప్రమాదం కనబడితే గోబీ తోక ఆడిస్తుంది, రొయ్య లోపలికి దూరుతుంది. వీటికి తావివ్వాలంటే తొట్టి కట్టేనాడే జాగ్రత్తపడాలి. రాళ్ళు ఇసుక మీద పేరిస్తే రొయ్య కింద తవ్వుతుంది, గుట్ట కూలుతుంది. కాబట్టి ముందు రాళ్ళను గాజు అడుగు మీద ఆనించి, ఇసుక తరవాత పోస్తారు.

నడుమ ఫైర్ ఫిష్ ఒకటి చాలు. పిరికిది, బెదిరితే ఎగిరి బయట పడుతుంది, మూత తప్పనిసరి. ఒళ్ళు శుభ్రం చేసే క్లీనర్ రొయ్య ఒకటి, అది డిప్ప విడిచే రోజుల్లో దాక్కోవడానికి రాళ్ళలో సందొకటి. మొత్తం నాలుగు చేపలు, రెండు రొయ్యలు, నత్తలు, ఒకటో రెండో సన్యాసి పీతలు.

వదిలే వరస కూడా పనితనంలో భాగమే. నీటిలో అమ్మోనియాను హరించే సూక్ష్మజీవులు పాదుకోవడానికి వారాలు పడుతుంది, అందాకా తొట్టి ఖాళీగానే ఉండాలి. తరవాత ముందు పిరికివి, చివర పొగరుబోతులు. ముందొచ్చినది తొట్టంతా తనదే అనుకుంటుంది కాబట్టి ఫైర్ ఫిష్, గోబీ కుదురుకున్నాకే క్లౌన్ జంట రావాలి. అప్పటికే ఒకటి పెత్తనం చేస్తుంటే, చేయి తిరిగినవాళ్ళు రాళ్ళ అమరిక మార్చేస్తారు. పాత సరిహద్దులు చెరిగిపోయి అందరూ కొత్తవాళ్ళే అవుతారు.

మందులోనూ పొత్తు చూడాలి. చేపల తెల్లమచ్చ రోగానికి వాడే రాగి మందు రొయ్యలకూ నత్తలకూ విషం. అందుకే కొత్త చేపను కొన్ని వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచి, రోగం లేదని తేలాకే లోపలికి తెస్తారు.

వద్దనుకునే నిగ్రహమూ కావాలి. లయన్ ఫిష్‌కు తన నోట పట్టేదంతా తిండే. పఫర్ రొయ్యలను కొరికేస్తుంది. టాంగ్ చేపకు ఈదడానికి మూడడుగులు చాలవు. రంగుల మాండరిన్ చేప కంటికి ఆననంత చిన్న జీవులను వేటాడి బతుకుతుంది, చిన్న తొట్టిలో ఆకలికి మాడిపోతుంది. పగడాలు, సముద్రపు గుర్రాలు మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందివి, వాటి జోలికి పోకూడదు. అదే క్లౌన్ చేపలనైతే హేచరీలో పుట్టించే విధానాన్ని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కూడా అభివృద్ధి చేసింది. తొట్టిలో పుట్టినవి తొట్టికి అలవాటుపడినవి, సముద్రానికీ నష్టం లేదు.

ఇలా సర్దిన తొట్టి ముందు ఎంతసేపు కూర్చున్నా గొడవ కనబడదు. ఒక్కోసారి సన్యాసి పీత ఖాళీ గుల్ల దగ్గరికొచ్చి, డెక్కలతో దాన్ని దొర్లించి, లోపలికి కాలు పెట్టి కొలుస్తుంది. రెప్పపాటులో పాత ఇంట్లోంచి కొత్త ఇంట్లోకి మారిపోతుంది. గాజు మీద పాచి గీరుతున్న నత్త తన పాటికి తాను పైకి పాకుతూనే ఉంటుంది.